మోకాళ్ళ నొప్పికి పీకిన పళ్ళు

బాలలక్ష్మి ముందు పళ్ళు డాక్టరు ఊరికే పీకేశాడు. ఇందులో చర్చించడానికేమీ లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మరుసటేడు. రంగు వేసిన నూలు ఇవ్వడానికి సిరిసిల్లలో శంకరవ్వత్త ఇంటికి వెళ్ళాను. వాన. గడప దగ్గర జారి, తడి ఆరని నీలి నూలు మూట మీదే కూలబడ్డాను. మగ్గం దగ్గర కూర్చున్న ఆమె కూతురు బాలలక్ష్మి పకపకా నవ్వింది.

"ఏం బావా, తెల్ల ధోతి బాగలేదని రంగు అద్దుకుంటున్నవా?"

"నవ్వుడు ఆపి చెయ్యియ్యి పిల్లా."

"మోకాళ్ళు పట్టుకపోయి నేనే లేస్తలేను. నిన్నేడ లేపుత?"

ఆ నవ్వు కోసమే వారం వారం నూలు తెచ్చాను. వద్దన్నా తెచ్చాను. చివరికి పిల్లనిమ్మని అడిగాను. నొప్పి తగ్గనీ అంది అత్త.

ఆ నొప్పి ఏళ్ళ నాటిది. ఆసుపత్రికి నేనూ వెంట వెళ్ళాను. పట్నంలో చదివొచ్చిన డాక్టరు మోకాళ్ళు వదిలేసి నోరు చూశాడు.

"చిగుళ్ళలో క్రిములున్నాయి. అవే రక్తంలో కలిసి మోకాళ్ళకు దిగాయి. పళ్ళు తీసేస్తే నొప్పి పోతుంది."

"పండ్లకాడికెల్లి మోకాళ్ళకు ఏ బస్సుల పోయినయి సారూ?" అన్నాను.

"నీకు అర్థం కాదు."

"మీకైంది గద. జర చూపెట్టుండ్రి."

చూపించలేదు. అంత చదివినవాడికి చూపించాల్సిన పనేముంది?

"ఊకో బావా, నొప్పి పోతే చాలు," అంది బాలలక్ష్మి.

పళ్ళు పోయాయి. నొప్పి ఉన్నచోటే ఉంది. ఈసారి గొంతులో గడ్డలు కోయాలన్నాడు. క్రిములు ఇల్లు మారాయట!

నేను వెళ్తే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంకో పిల్లను చూసుకో బావా. నాకిగ నవ్వ మొఖం లేదు."

బయట వాన పడుతోంది. నీలి నూలు మూట గడప ముందు పెట్టి, తెల్ల ధోతితో దాని మీద కావాలనే కూలబడ్డాను.

కొంగు జారింది. నోరంతా తెరిచి నవ్వింది.

"అత్తా, లగ్గం పెట్టియ్యి," అని అక్కడి నుంచే అరిచాను.

పదేళ్ళు కాపురం చేశాం. గొంతు మీద కత్తి పడనివ్వలేదు. మోకాళ్ళ నొప్పి ఆమెతోపాటే కాటికి పోయింది. అది ఎందుకొచ్చిందో నాకు తెలియదు. డాక్టరుకూ తెలియదు. తెలియదని నేను ఊరుకున్నాను, ఆయన పీకాడు.

ఇక ఈ సంగతి ఎవరడిగినా నేను నోరు విప్పను.