నిద్రమందు డాక్టరు

మద్రాసులో చదివొచ్చిన పళ్ళ డాక్టరు భవానీప్రసాద్ జగ్గయ్యపేట బజార్లో ఆస్పత్రి తెరిచిన రోజునుంచీ పుష్పవతికి ఆ మనిషంటే గిట్టదు. అప్పటికి ఆమె అతన్ని చూసింది దూరంనుంచే. మే నెల ఎండలో, సున్నపురాయి దుమ్ములో, మెడకి టై బిగించుకుని కొత్త బోర్డు పక్కన నిలబడ్డాడు. అలాంటి మగవాడి తెలివి గురించి ఇంకా తెలుసుకోవలసిందేమీ లేదనుకుంది. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పే పుష్పవతికి అభిప్రాయాలు చప్పున ఏర్పడతాయి. మారడమే కష్టం.

అలాంటిది ఆ ఆస్పత్రి మెట్లు ఆమే ఎక్కవలసి వచ్చింది. అన్న కూతురు బాలామణికి దవడపన్ను పుచ్చి చెంప బూరెలా పొంగింది. వదిన పురిటికి పుట్టింటికి వెళ్ళింది. అన్న వత్సవాయి పొలంలో ఉన్నాడు. పేటలో అంతకుముందు పళ్ళు పీకిన రత్తయ్య పద్ధతి వేరు. నలుగురు కాళ్ళూ చేతులూ అదిమిపట్టుకుంటే ఆయన పట్టకారు పట్టుకునేవాడు. చిన్నతనంలో ఆ అదుముడు పడ్డ పుష్పవతికి పళ్ళ వైద్యులందరూ ఒక జాతే.

భవానీప్రసాద్ పిల్ల నోరు చూసి, తను ఎవర్నీ అదిమిపట్టించనన్నాడు. మర్నాడు పొద్దున తీసుకొస్తే నిద్రమందు తాగిస్తాననీ, పిల్ల మగతలో ఉండగా పంటి చిగురుకి మత్తింజెక్షను చేసి నొప్పి తెలియకుండా తీసేస్తాననీ చెప్పాడు. పొద్దుటినుంచి పాలు కూడా పట్టకూడదని ఒకటికి రెండుసార్లు అన్నాడు.

“మెలకువగా ఉంటే మీ పనితనం తెలిసిపోతుందనా అండీ, నిద్రపుచ్చడం?” అంది పుష్పవతి.

“మీరు టీచరుగారనుకుంటా. మీ క్లాసులో పిల్లలు ఏ మందూ లేకుండానే నిద్రపోతారని విన్నా. అందరికీ ఆ విద్య రాదు కదండీ.”

ఇంటికెళ్ళేదాకా పుష్పవతి చెవులు మండుతూనే ఉన్నాయి.

మర్నాడు తల్లి బసవమ్మ కూడా వెంట వచ్చింది. పిల్ల ఏమైనా తిన్నదా అని డాక్టరు అడిగితే, చెప్పిన మాట అర్థం కాని మనుషులం కాదని పుష్పవతి విసురుగా జవాబిచ్చింది. అతను పిల్లని తూచి, మందు కొలిచి, సుగంధి షర్బత్తులో కలిపి తాగించాడు. బాలామణి మొహం చిట్లించింది, కాసేపు ఊరికే కిలకిలా నవ్వింది, తర్వాత కళ్ళు వాల్చింది. అతను నాడి మీదనుంచి వేళ్ళు తియ్యకుండా పక్కనే కూర్చున్నాడు. నాడి పట్టుకు కూర్చోవడానికి అంత చదువెందుకని పుష్పవతి అనుకుంటూ ఉంది.

అంతలో పిల్ల ఒళ్ళు ఒక్కసారి ఎగిసింది. నోట్లోంచి తెల్లగా ఇడ్లీ ముక్కలు వచ్చాయి. పుష్పవతి కేక వేసింది. డాక్టరు అప్పటికే పిల్లని పక్కకి తిప్పి, తల కిందికి వంచి, గుడ్డ చుట్టిన వేలితో నోరంతా తుడిచేశాడు. బాలామణి దగ్గింది. ఊపిరి తీసుకుంది.

అతను పన్ను జోలికి పోలేదు. చొక్కా నిండా ఆ తడితోనే, పిల్ల పూర్తిగా లేచేదాకా ఆమె రొమ్ము కదలికనే చూస్తూ కూర్చున్నాడు.

ఖాళీకడుపున పసిదానికి మందేమిటని తనే ఇడ్లీ పెట్టానని బసవమ్మ గొణిగింది.

“అది ఊపిరితిత్తుల్లోకి పోయుంటే పిల్ల దక్కేది కాదు,” అన్నాడు డాక్టరు, బసవమ్మతో కాదు, పుష్పవతితో. “ఈసారి మిమ్మల్ని అడగను. పిల్లనే అడుగుతా.”

పుష్పవతి పిల్లని ఎత్తుకుని మెట్లు దిగింది.

సాయంత్రానికి బజారంతా డాక్టరు మందు పోసి పిల్లని చంపబోయాడన్న మాట పాకింది. బసవమ్మ ఇరుగుపొరుగుకి మందు సంగతి చెప్పింది, ఇడ్లీ సంగతి మింగేసింది. దానితో ఆస్పత్రి బెంచీలు ఖాళీ అయిపోయాయి. మందుకీ విషానికీ తేడా తెలియని వాళ్ళంతా అరుగుల మీద వైద్యశాస్త్రం చెప్పుకున్నారు.

పుష్పవతి స్కూలు వదిలాక నేరుగా వెళ్ళి, నిజం ఎందుకు చెప్పరని అతన్నే నిలదీసింది. మనవరాలి మీద ప్రేమతో పెట్టిన పెద్దావిణ్ణి నలుగురిలో పెట్టి తను బాగుపడనక్కర్లేదనీ, నెలాఖరుకి సొంతూరు నందిగామ వెళ్ళిపోతాననీ అన్నాడు.

“ఈ మంచితనం కూడా మద్రాసులోనే నేర్పారా?” అని విసవిసా వచ్చేసింది. వీధి మలుపు తిరిగాక కళ్ళు తుడుచుకుంది. అతను వెళ్ళిపోతే తనకేం పోయిందో తనకే తెలియక, ఆ కోపం కూడా అతని మీదే పెట్టుకుంది.

ఆ ఆదివారం రెడ్డిగూడెంనుంచి పెళ్ళిచూపులకి వచ్చారు. పెళ్ళికొడుకు వరప్రసాదరావు ఇంజనీరు. చేతి గడియారం అందరికీ కనబడేలా కూర్చున్నాడు. పుష్పవతి కాఫీ తెచ్చేసరికి, పేటలో పిల్లల్ని శాశ్వతంగా నిద్రపుచ్చే డాక్టరున్నాడటగా అని అతను ఛలోక్తి విసిరాడు. గదిలో అందరూ నవ్వారు. బసవమ్మ కూడా నవ్వింది.

పుష్పవతి పళ్ళెం కింద పెట్టింది.

“ఆయన వద్దన్నా పిల్లకి ఇడ్లీ పెట్టింది మా అమ్మ. సంగతి కనుక్కోకుండా తినలేదని చెప్పింది నేను. ఆయన లేకపోతే ఇవాళ మా పిల్ల లేదు. నవ్వాలంటే మమ్మల్ని చూసి నవ్వండి.”

కాఫీలు చల్లారకముందే చుట్టాలు లేచారు. తండ్రి కృష్ణయ్య వాళ్ళని గుమ్మందాకా సాగనంపి వచ్చాడు. భార్యని, అమ్మాయి చెప్పింది నిజమేనా అని అడిగాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

మర్నాడు కృష్ణయ్య మనవరాల్ని భుజానెక్కించుకుని, పుష్పవతిని వెంటబెట్టుకుని, బజారు మధ్యనుంచి నడిచాడు. అరుగుల మీద వైద్యులంతా నోళ్ళు మూసుకున్నారు. బాలామణి షర్బత్తు తాగి అత్త ఒళ్ళోనే మగతలోకి జారింది. పన్ను ఊడివచ్చిన సంగతి లేచాక నాలికతో తడుముకునేదాకా ఆ పిల్లకి తెలియలేదు.

బయట తొలకరి మొదలైంది. వాన తగ్గేదాకా కూర్చోమన్నాడు డాక్టరు. కృష్ణయ్య పిల్లతో వరండాలో కూర్చుని, ఉన్న సంగతి మొహమాటం లేకుండా లోపలికి వినబడేలా చెప్పేశాడు, మా అమ్మాయి మీ కోసం మంచి సంబంధం పోగొట్టుకుందని.

భవానీప్రసాద్ చేతులు తుడుచుకున్న తువ్వాలే మళ్ళీ మళ్ళీ మడత పెట్టాడు.

“అభ్యంతరం లేకపోతే నందిగామనుంచి మావాళ్ళని పంపిస్తానండి,” అన్నాడు గోడతో చెప్పినట్టు.

“నందిగామ వెళ్ళిపోతానన్నారుగా?” అంది పుష్పవతి.

“వెళ్తా. వాళ్ళని తీసుకురావడానికి.”

“నా నోరు ఎలాంటిదో చూశారు. వేగగలరా?”

“నోళ్ళతో వేగడమే కదండీ నా వృత్తి.”

పుష్పవతికి నవ్వాగలేదు. అతని చూపు అలవాటు కొద్దీ ఆమె పళ్ళ మీదికి రాబోయి, కళ్ళ దగ్గరే ఆగిపోవడం ఆమెకి తెలిసింది.