ఏకసంథ మరిచిపోయిన మాట

"ఇది తిండికి ముందు వేసుకోవాలా, తర్వాతా?"

ప్రాణం పోయే ముందు ఆ మనిషి అడిగిన ఆఖరి ప్రశ్న అదే. రహస్య సంకేతాలు విప్పే సైఫర్ సెక్షన్‌లో సీనియర్ ఆఫీసరు. మందుల షాపు కౌంటర్ ముందు నిలబడి, వాళ్ళిచ్చిన మంచినీళ్ళు రెండు గుక్కలు తాగి, జవాబు వినకుండానే కూలిపోయాడు. గుండెపోటు వచ్చిందన్నాడు డాక్టరు. తెప్పించారన్నాడు పెద్దాయన.

పెద్దాయన అంటే గూఢచారి బ్యూరో చీఫ్. కిటికీల్లేని తన గదిలో ఒక ఆకుపచ్చ సీసాని టేబుల్ మీద పెట్టి, ఎదురుగా కూర్చున్న ఏజెంట్ వైపు తోశాడు.

"మేధా ప్లస్. జ్ఞాపకశక్తికీ, ఏకాగ్రతకీ అట. సైఫర్ సెక్షన్‌లో ముగ్గురు వాడారు. ముగ్గురికీ మతిమరుపు ముదిరింది. పోయినాయనకి అనుమానం వచ్చి నాకు చెప్పాడు. ఏమీ ఎరగనట్టు మళ్ళీ షాపుకి వెళ్ళాడు. వాళ్ళు పసిగట్టేశారు."

"విదేశీ ముఠానా సార్?"

"షాపు పైపై వేషం. వెనకాల ఉన్నది వాళ్ళే."

ఏజెంట్ ఆ సీసాని ముట్టుకోలేదు. అలాంటిదే ఇంకోటి అతని ఇంట్లో పాత బూటులో, మేజోడు కింద దాక్కుని ఉంది.

బ్యూరోలో అతన్ని ఏకసంథ అంటారు. ఒక్కసారి వింటే చాలు, పొల్లు పోకుండా ఒప్పజెప్పే ఏకసంథాగ్రాహి. అక్కడ ముఖ్యమైనదేదీ కాగితం మీద పెట్టరు. కాగితానికి నోరు లేకపోయినా కాళ్ళుంటాయని పెద్దాయన నమ్మకం. పరాయి దేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న ముప్పైమంది మనుషుల అసలు పేర్లు ఒకే ఒక్క చోట ఉన్నాయి, ఏకసంథ బుర్రలో. ఆ బుర్ర ఈ మధ్య కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతుకుతోంది. సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది, అంతకంటే ముందు పరువు పోతుంది. అందుకే ప్రకటన చూసి గుట్టుచప్పుడు కాకుండా ఫోన్‌లో ఆర్డరిచ్చాడు. డాక్టర్ దగ్గర గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాడు.

"లోపల మన మనిషి ఉంది, తుమ్మెద" అన్నాడు పెద్దాయన. "షాపులో హెల్త్ కౌన్సెలర్. ఈ సాయంత్రం ముఠా నాయకుడు వస్తున్నాడట. ఫోను, రికార్డరు, కెమెరా, ఏదున్నా గుమ్మంలో స్కానర్ పట్టేస్తుంది. విన్నది విన్నట్టు మోసుకొచ్చే మనిషిని పంపమంది."

"అంటే నన్నే."

"నిన్ను పంపడం నాకిష్టం లేదు. నీతోపాటు ముప్పైమంది ఆ గుమ్మం దాటుతారు."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఏకసంథ నోరు తెరిచాడు.

"వెళ్తాను సార్" అన్నాడు.

పెద్దాయన సొరుగులోంచి ఒక కళ్ళజోడు తీశాడు. "దీని కాడలో చిప్ ఉంది. నిద్రపోతుంటుంది కాబట్టి స్కానర్‌కి దొరకదు. నీ గొంతుతో ఒకే ఒక్క మాట వింటే లేస్తుంది. వెంటనే వీధి చివర పరుపుల వ్యానులో ఉన్న మన టీమ్ లోపలికి దూకుతుంది. ఈ సంగతి తుమ్మెదక్కూడా తెలీదు. ఆ మాటేదో నువ్వే ఎంచుకో. చచ్చినా మర్చిపోకూడనిది కావాలి."

ఆ ఉదయం ఇంట్లోంచి బయల్దేరుతుంటే, చేతులకి పిండితో భార్య గుమ్మం దాకా రావడం గుర్తొచ్చింది. "ఏమండీ, వచ్చేటప్పుడు జల్లెడ తీసుకురండి. ఇది మూడోసారి చెప్పడం. పిండిలో పురుగులు మనకంటే ముందు భోంచేస్తున్నాయి."

"జల్లెడ" అన్నాడు ఏకసంథ.

పెద్దాయన కనుబొమ్మలు ఎగరేశాడు.

"మా ఆవిడ తెమ్మంది సార్. మర్చిపోతే ఇంట్లో బతకనివ్వదు."

"అయితే ఢోకా లేదు" అన్నాడు పెద్దాయన, సంసారం చేసినవాడు కాబట్టి.

*

నెరిసిన విగ్గు, వదులు కోటు, చేతికర్ర. రిటైరైన అకౌంటెంట్ వేషంలో ఏకసంథ షాపు మెట్లెక్కాడు. స్కానర్ కిక్కురుమనలేదు. లోపల అద్దాల అరల నిండా సీసాలు. కౌంటర్ వెనక ఆకుపచ్చ సిల్కు కోటులో ఒకామె నిలబడి ఉంది. ఆమె నవ్వితే, వచ్చినవాడు జబ్బు కూడా మర్చిపోతాడు.

"మతిమరుపుకి మందుందా?" అన్నాడు.

"ఏ మందు కోసం వచ్చారో గుర్తుందా సార్?" అంది.

కోడ్ సరిపోయింది. తుమ్మెదే. పక్కన ఇద్దరు సేల్స్‌మెన్ చూస్తున్నారు కాబట్టి బేరం సాగించాలి. ఆమె సీసాలు వరసగా పెట్టింది. "ఇది బ్రాహ్మి, ఇది జింకో ఆకు, ఇది చేప నూనె. మా మేధా ప్లస్‌లో అన్నీ కలిసే ఉంటాయి."

"ఏది ఎన్ని మిల్లీగ్రాములు?"

"అది మా రహస్య మిశ్రమం సార్."

"ఎంతుందో చెప్పనిది మింగకూడదంటుంది మా ఆవిడ. పోనీ, బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించారా? నేను రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నాను. దాంతో జింకో పడదట కదా?"

"మేడమ్ డాక్టరా?"

"ఫార్మసిస్టు. అసలు ముందు రక్తపరీక్ష చేయించి, బి-పన్నెండు విటమిన్ తక్కువుందేమో చూసి, సరిగ్గా నిద్రపోయి, అప్పుడు సీసాల సంగతి ఆలోచించమంటుంది."

ఇదంతా వేషం కోసం అల్లుకున్న కథలో లేదు. రోజూ అన్నంతోపాటు వింటున్నది నోరు జారింది. తుమ్మెద పెదవులు నవ్వాయి, కళ్ళు నవ్వలేదు.

"ఉచిత స్మృతి పరీక్ష చేస్తాం, రండి సార్."

వెనక నడవా చివర చిన్న గది. గోడలకీ, పైకప్పుకీ మందపాటి నల్ల ఫోమ్. ఒక కుర్చీ, ఒక స్టూలు, గోడలో ఒక స్పీకరు. "నాయకుడు పక్క గదిలోనే ఉన్నాడు. కూర్చోండి, ఇక్కడికి వినిపిస్తుంది" అని గుసగుసలాడింది. అతను కూర్చున్నాడు. తలుపు మూసుకుంది. లోపలివైపు తలుపుకి గడియ లేదు, పిడి లేదు, కనీసం తాళం కన్నం కూడా లేదు. అది గమనించేలోపల కుర్చీ చేతులమీంచి ఇనప పట్టీలు లేచి అతని మణికట్లని పట్టేశాయి.

తుమ్మెద స్టూలు మీద కూర్చుని, పిస్టల్ ఒళ్ళో పెట్టుకుంది.

"క్షమించండి ఏకసంథగారూ. ఇక్కడ వినాల్సింది మీరు కాదు, మేం."

"నువ్వు వాళ్ళ మనిషివా?"

"మొదట్నించీ. ముప్పై పేర్లూ ఒకే బుర్రలో ఉన్నాయని మీ సైఫర్ వాళ్ళే మాకు చెప్పారు, ఇదే కుర్చీలో కూర్చుని. లేచాక అదీ మర్చిపోయారు. ఆ బుర్రని ఎలా రప్పించాలా అనుకుంటుంటే మీ ఇంటినుంచి ఆర్డరొచ్చింది. సీసా ప్యాక్ చేసి పంపింది నేనే." ఆమె నిజంగా జాలిపడ్డట్టే చూసింది. "లేబుల్ చదవడం అంత బాగా తెలిసిన ఆవిడ ఇంట్లో ఉంది. ఒక్క మాట ఆవిణ్ణి అడగొచ్చు కదా సార్?"

పిస్టల్ కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. ఆమె అతని ముక్కు మూసి రెండు క్యాప్సూల్స్ నోట్లో వేసి నీళ్ళు పోసింది. మామూలు మోతాదు మతిని తింటుంది. ఈ మోతాదు నాలుకని వదులు చేస్తుంది. కాసేపట్లో కంఠతా వచ్చినవన్నీ వాటంతటవే బయటికొస్తాయి.

భయం లేదు, ఒక్క మాట అంటే చాలు అనుకున్నాడు ఏకసంథ. అనడానికి నోరు తెరిచాడు.

మాట లేదు.

నాలుక చివర ఉండాల్సిన చోట ఖాళీ. భార్య తెమ్మన్న వస్తువని గుర్తుంది. ఇంట్లో వాడేదని గుర్తుంది. దాని పేరు మాత్రం ఎవరో తుడిచేసినట్టు పోయింది. అప్పుడు భయం వేసింది. పట్టీల్లో చేతులు ఇరుక్కోవడం వేరు, సొంత తలలో తనే ఇరుక్కోవడం వేరు. ఆ తలకి తలుపు ఉన్నా తాళంచెవి తనే పోగొట్టుకున్నాడు.

"మొదలుపెట్టండి" అంది స్పీకర్లోంచి ఒక మగగొంతు. "మొదటి పేరు."

ఛాతీలోంచి పేర్లు పైకి వస్తున్నాయి, వాంతి వచ్చినట్టు. వాటికి అడ్డంగా ఏదో ఒకటి పెట్టాలి. ఇంట్లో సామానంతా ఒక్కొక్కటిగా అంటూ పోతే ఎక్కడో అక్కడ ఆ మాట తగలకపోతుందా?

"చీపురు" అన్నాడు.

తుమ్మెద ముందుకి వంగింది.

"చేట. గరిటె. మూకుడు."

"మారుపేర్లు!" అంది స్పీకరు, ఆత్రంగా. "ఒక్కటీ వదలొద్దు. గరిటె ఏ ఊళ్ళో ఉన్నాడు?"

"పొయ్యి దగ్గర" అన్నాడు ఏకసంథ, నిజాయితీగా.

అవతల కలం గీసుకుంటున్న చప్పుడు. "పట్టకారు. కత్తిపీట. రోకలి. కవ్వం." కళ్ళజోడు కాడ చెవి పక్కన చచ్చినట్టు పడుంది. "బకెట్టు. చెంబు. లాంతరు. దువ్వెన."

"కవ్వం ఆడా, మగా?"

తుమ్మెదకి ముందుగా వెలిగింది. "మూర్ఖుడా, వంటింటి సామాను చదువుతున్నాడు!" అని స్పీకరు మీద అరిచి, పిస్టల్ అతని కణతకి ఆనించింది. "పేర్లు సార్. మీరు ఆపలేరు. ఎవరూ ఆపలేదు."

నిజమే, ఆపలేకపోతున్నాడు. సామాను అయిపోయింది. దూరాన ఒక రేవుపట్నంలో దర్జీ షాపు నడుపుకుంటున్న మనిషి కళ్ళముందుకొచ్చింది. కిందటి నెలే కూతుర్ని బళ్ళో వేసింది. ఆమె పేరు అతనికి తప్ప ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ పేరులో మొదటి అక్షరం పెదవులు దాటింది. ఏకసంథ నాలుక కొరుక్కున్నాడు. నోరంతా రక్తం. రెండో అక్షరం పళ్ళ వెనక నిలబడి తోస్తోంది. ఏడుపొచ్చింది. తన పరువు కోసం ఆ తల్లినీ పిల్లనీ తాకట్టు పెట్టాడు. పెద్దాయనతో ఒక్క ముక్క, ఇంటావిడతో ఒక్క ముక్క చెప్పుంటే ఈ కుర్చీ ఉండేదే కాదు.

ఇంటావిడ. ఉదయం గుమ్మంలో. చేతులు ఎందుకు దూరంగా పట్టుకుంది? తన చొక్కాకి అంటకూడదని. ఏం అంటకూడదని?

పిండి.

"పిండిలో..." అన్నాడు.

"పిండి ఎవరు?" అంది తుమ్మెద.

"పిండిలో పురుగులు... మనకంటే ముందు..." మాట ఒక్కసారిగా గొంతు తెంచుకుని వచ్చింది. "జల్లెడ! జల్లెడ! మూడోసారి చెప్తున్నాను, జల్లెడ!"

ఏమీ కాలేదు. ఫోమ్ గోడలు ఆ మాటని మింగేశాయి. తుమ్మెద వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

అంతలో పిడి లేని తలుపు మొత్తానికి మొత్తంగా లోపలికి పడింది, ఆమె మీదే. తూటా పైకప్పులోకి పోయింది. పరుపుల కంపెనీ చొక్కాల్లో నలుగురు లోపలికి దూకారు. పక్క గదిలోంచి తెల్ల కోటు వేసుకున్న ముఠా నాయకుణ్ణి మెడపట్టి లాక్కొచ్చారు. అతని చేతిలో కాగితం ఇంకా అలాగే ఉంది: గరిటె, పొయ్యి దగ్గర, కవ్వం, ఆడో మగో తేలలేదు.

బేడీలు వేస్తుంటే తుమ్మెద జుట్టు సవరించుకుని నవ్వింది. "చూశారా సార్, చివరికి గుర్తొచ్చింది. మా మందు పనిచేసినట్టే."

*

నాలుకకి కుట్లు వేయించుకున్నాక ఏకసంథ పెద్దాయన ఎదురుగా నిలబడి, బూటులో సీసా సంగతి దాచకుండా చెప్పాడు.

"ఒకే బుర్రలో ముప్పైమందిని కుక్కడం నాదీ తప్పే" అన్నాడు పెద్దాయన. "రేపట్నించి ఇంకో బుర్రని కూర్చోబెడతాను. నీకు గుర్తున్నవన్నీ ఒప్పజెప్పు. ముందు డాక్టర్ దగ్గరికి నడువు."

ఏకసంథకి సిగ్గేసింది, బాధేసింది, గుండెల మీంచి బండ దింపినట్టూ అయింది. దారిలో కారాపి, ఈసారి మర్చిపోకుండా మంచి స్టీలు జల్లెడ కొని, షాపు కుర్రాడితో డిక్కీలో పెట్టించాడు. ఇంటిముందు దిగగానే భార్య ఎదురొచ్చింది. గుమ్మంలోనే ఆమెకి బూటులో సీసా సంగతి కూడా చెప్పేశాడు. ఆమె అరవలేదు. అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, "రేపు పరగడుపున నాతో రక్తపరీక్షకి వస్తున్నారు. ముందు జల్లెడేదీ?" అంది.

అతను గర్వంగా వెళ్ళి కారు డిక్కీ తెరిచాడు.

కొత్త జల్లెడ పక్కన, కాగితాల్లో చుట్టినవి చుట్టినట్టే, ఇంకో రెండు జల్లెడలున్నాయి.

ఆమె మూడింటినీ చూసింది, మొగుణ్ణి చూసింది.

"తప్పు నాదేలెండి" అంది. "ఒక్కసారి చెప్పి ఊరుకోవాల్సింది."