మెకానిక్ వచ్చేదాకా

మా బావది లిఫ్టుల రిపేరు వ్యాపారం. పాత మేడ కింద రెండు గదులు, గ్రీజు వాసన, మూలన చుట్టలు చుట్టి పెట్టిన ఉక్కు తాళ్లు. అక్క లెక్కలు చూసేది. నేను కాలేజీ అయ్యాక వచ్చి ఆఫీసు పనుల్లో సాయం చేసేదాన్ని, మిగతా సమయమంతా బావతో పోట్లాడేదాన్ని. నన్ను ఆయన కామ్రేడూ అని పిలిచేవాడు. వెక్కిరింతే, కానీ అందులో కొంచెం ముద్దు కూడా ఉండేది.

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఎర్ర బటన్ నొక్కితే ఎవరో ఒకరు పలకాలి. ఒకప్పుడు మా ఆఫీసులోనే ఇద్దరు కూర్చుని ఆ పని చూసేవాళ్లు. బావ ఏదో సభకు వెళ్లొచ్చాడు. ప్రపంచమంతా మన గుమ్మంలోనే ఉందట, చిన్న వ్యాపారాలు దూరదేశాల ప్రతిభను వాడుకోకపోతే మునిగిపోతాయట. ఆ ఇద్దరినీ పంపేసి, సముద్రం అవతల నది పక్క ఊళ్లో ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆమె తన ఇంట్లో కూర్చుని మా లిఫ్టులకు జవాబు చెప్పేది.

"డబ్బుకు సరిహద్దులు లేవు, కష్టపడేవాళ్లకే వీసా కావాలి," అన్నాను నేను.

"వీసా అడక్కుండానే ఉద్యోగం ఇచ్చానుగా కామ్రేడూ. నువ్వు కలగనే విప్లవం నేనే తెచ్చేశాను," అన్నాడు.

ఆమెకు మన భాష రాదు. బావ కొన్ని వాక్యాలు రాసిచ్చాడు, వీడియోలో వాటిని పలకడం నేను నేర్పాను. భయపడకండి, నేను లైన్‌లోనే ఉన్నాను. లోపల ఎంతమంది ఉన్నారు? మెకానిక్ బయలుదేరారు. తలుపు తెరుచుకుంటుంది, ఒక్కొక్కరే దిగండి. అన్నిటికంటే చివరిది, మెకానిక్ వచ్చారు. ఆ మాట అన్న తర్వాతే లైన్ కట్ చేయాలి, అంతకు ముందు ఏం జరిగినా సరే కట్ చేయకూడదు. అది బావ పెట్టిన రూలు. మంచి రూలే. చీకట్లో ఇరుక్కున్న మనిషికి ఒక గొంతు తోడుండాలి కదా.

ఆమె పేరుకు ఆఫీసులో ఎవరికీ నోరు తిరగలేదు. లైన్ అమ్మాయి అనేవాళ్లం. పేరు పిలవడం చేతకాని వాళ్లం పని మాత్రం చేయించుకుంటున్నామని నాకు ఒళ్లు మండేది. ఒకరికి తగిలిన దెబ్బ అందరికీ దెబ్బే అనే నినాదం కూడా ఆమెకు నేనే నేర్పాను. ఇంగ్లీషులో అర్థం చెబితే నవ్వింది. తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా హలోకు బదులు అదే అనేది.

వానాకాలం మధ్యలో ఉన్నట్టుండి మానేసింది.

"ఎవరో నాలుగు డబ్బులు ఎక్కువిస్తామని ఉంటారు. చెప్పాపెట్టకుండా ఎగిరిపోయింది," అన్నాడు బావ. అప్పటికే మెకానిక్‌లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి పానా బావ చేతికే వచ్చింది. లైన్ అమ్మాయి స్థానంలో రికార్డు చేసిన గొంతు వినిపించే మెషీన్ కొన్నాడు.

దాన్ని బిగించడానికే ఆ సాయంత్రం ఒక ఆఫీసు మేడకు వెళ్లాం. సంచి మోయడానికి నేను. బావ పైన మోటారు గదిలో పాత లైన్ వైరు కత్తిరించాడు. కొత్త మెషీన్‌కు సరైన మరలు దొరకలేదు.

"రేపు చూద్దాం పద," అన్నాడు. నడుముకు కట్టుకున్న తాళాల గుత్తి గలగలలాడిస్తూ లిఫ్టెక్కాడు. ఆ చప్పుడు వింటే చాలు, బావ వస్తున్నాడని అక్క టీ పెట్టేది.

రెండు అంతస్తులు దిగామో లేదో లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. లైటు పోయింది. ఫ్యాను ఆఖరి చుట్టు తిరిగి ఊరుకుంది. రబ్బరు చాప వాసన, చెమట వాసన. ఎక్కడో పైన ఉక్కు తాడు సన్నగా మూలిగింది. ఫోన్లు చూసుకున్నాం, సిగ్నల్ లేదు.

"లిఫ్టు డాక్టరుకే లిఫ్టు జబ్బు," అన్నాను.

"నవ్వు, నవ్వు. కరెంటు రాగానే కదులుతుంది."

చేతికి తగిలిందని ఎర్ర బటన్ నొక్కాను.

"ఇందాకే వైరు తీసేశానుగా. ఎవరు పలుకుతారు?" అన్నాడు బావ.

బటన్ పక్కనున్న స్పీకరు పెట్టె గరగరలాడింది.

"భయపడకండి. నేను లైన్‌లోనే ఉన్నాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. "బావా, లైన్ అమ్మాయి! మళ్లీ పెట్టుకున్నావా? చెప్పనేలేదు!"

ఫోన్ వెలుగులో బావ ముఖం చూశాను. నెత్తురు చుక్క లేదు.

"లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఇద్దరం," అన్నాను.

"ఒక్కరు."

"కాదు, ఇద్దరం. నేనూ బావా."

"ఒక్కరు," అంది మళ్లీ, ఓపిగ్గా. ఆ గొంతు వెనక ఏదో చప్పుడు... నీళ్లు. కుళాయి నీళ్లు కాదు. గదిలోకి జొరబడి, సామాన్లను మెల్లగా గోడలకేసి కొట్టే నీళ్లు.

"ఆఫ్ చెయ్," గుసగుసగా అన్నాడు బావ.

"ఎందుకు?"

"ఆమె లేదు."

"లేదంటే?"

"వరదొచ్చింది వాళ్ల ఊళ్లో. ఆ రోజు మన లిఫ్టులో ఒక పెద్దాయన ఇరుక్కున్నాడు. మెకానిక్ ఒక్కడే, వాడు మన ఊరి ఆ చివర ఉన్నాడు. నీళ్లు ఇంట్లోకి వచ్చాయి, వెళ్లొచ్చా అని మెసేజ్ పెట్టింది."

"నువ్వేమన్నావు?"

బావ పెట్టె మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"మెకానిక్ వచ్చేదాకా కట్ చేయొద్దన్నాను. మర్నాడు వాళ్ల అన్నయ్య ఫోన్ చేశాడు."

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఇదే. గట్టిగా అరవాలనిపించింది. నాకు తెలిసిన నినాదాల్లో ఒక్కటీ పనికిరాలేదు. అప్పుడే వాసన తగిలింది... బురద. నది అడుగున ఉండే చల్లటి, పాత బురద.

నా చెప్పులు పొడిగానే ఉన్నాయి. బావ బూట్లు మాత్రం అడుగేస్తే చప్పుడు చేస్తున్నాయి. తడిసినట్టు.

"చెప్పు బావా," అన్నాను. "ఇక చాలు, వెళ్లిపొమ్మను. రూలు పెట్టినవాడివి నువ్వే. నువ్వే తియ్యాలి."

బావ పెట్టెకు నోరు ఆనించాడు. "అమ్మా... కట్ చేసెయ్. నేనే మెకానిక్‌ని. ఇక్కడే ఉన్నాను."

నీళ్ల చప్పుడు ఆగింది.

"మెకానిక్ ఇంకా రాలేదు," అంది.

ఆ వాక్యం మేము నేర్పింది కాదు.

బావ ఊపిరి ఎగబీల్చసాగాడు. ఈతరానివాడు మెడదాకా నీళ్లలో నిలబడి తల పైకెత్తినట్టు ఎత్తాడు. "కామ్రేడూ... నీళ్లు..." నేల తడిమాను. పొడి. ఆయన చొక్కా పట్టుకున్నాను. పిండితే కారేంత తడి.

"తలుపు తెరుచుకుంటుంది. ఒక్కొక్కరే దిగండి."

తెరుచుకుంది. కరెంటు లేకుండానే. ఎదురుగా సగం దాకా గోడ, దాని కింద నడవా చీకటి. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగి ఉంది. అలాంటప్పుడు దూకకూడదు. లిఫ్టు అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ ఉంటుంది, కాలు జారితే నేరుగా అట్టడుగున ఉన్న లిఫ్టు గుంతలోకే. ఈ మాట ఊరందరికీ చెప్పేది బావే.

"ఒకరికి తగిలిన దెబ్బ..." అంది పెట్టె, నా యాసతోనే.

బావ దూకాడు.

తాళాల గుత్తి కిందికి... కిందికి... తర్వాత బండ మీద పడ్డ చప్పుడు కాదు. నీళ్లలో పడ్డ చప్పుడు.

ఎంతసేపు అరిచానో తెలియదు. ఫైరింజన్ వాళ్లు నిచ్చెన వేసి నన్ను దింపారు. గుంతలోకి దీపాలు దింపారు. ఎండిపోయిన సిమెంటు నేల మీద బావ వెల్లకిలా పడి ఉన్నాడు. జుట్టులోంచి బురద నీళ్లు కారుతున్నాయి. నడుముకు తాళాల గుత్తి లేదు. గుంతంతా వెతికినా దొరకలేదు.

నా భుజాల మీద దుప్పటి కప్పిన ఫైరింజన్ ఆయన మెల్లగా అన్నాడు. "మాకు అందిన కబురు ఒక్కరే ఉన్నారని తల్లీ. ఇద్దరని తెలిస్తే ఇంకా తొందరగా..."

"కబురు ఎవరిచ్చారు?"

"మీ ఆఫీసు అమ్మాయే. కరెంటు పోయిన వెంటనే చేసింది. మేము వచ్చేదాకా ఫోన్ పెట్టలేదు పాపం. ఇదిగో, ఇంకా లైన్‌లోనే ఉంది."

ఫోన్ నా చేతిలో పెట్టాడు. తెర చల్లగా, చెమ్మగా ఉంది. చెవికి ఆనించాను. నీళ్లు. ఆ నీళ్ల మధ్య ఆ ఓపికైన గొంతు.

"మెకానిక్ వచ్చారు."

రూలు ప్రకారం ఇప్పుడు లైన్ కట్ కావాలి.

కాలేదు. నీళ్ల అడుగున ఎక్కడో తాళాల గుత్తి గలగలలాడింది. దగ్గరికి వస్తున్నట్టు.