మా అమ్మ ఇట్ల పిలవదు

చందానగర్‌లోని ఆ మూడో అంతస్తు ఫ్లాట్‌లో సోమవారం పొద్దున్నే రాక్షసి మీద గొడవ మొదలైంది. వేసవి సెలవులు కదా, ఆరేళ్ల మనస్వికి తీరిక ఎక్కువ. నోట్లో బ్రష్ ఉండగానే నానమ్మ చంద్రమ్మతో వాదనకు దిగింది.

"రాక్షసి మంచిదే నానమ్మా! నిన్న సినిమాల చూసినం గదా. ఆకలికి ఏడుస్తుంటే పిల్ల తలుపు తీసి అన్నం పెట్టింది. ఇద్దరూ దోస్తులైండ్రు."

చంద్రమ్మకు ఒళ్లు మండిపోయింది. సినిమావాళ్లు మార్చేసిన ఆ కథను ఆమె తన తల్లి దగ్గర విన్నది. కొడుకు దినేశ్‌కు చెప్పింది, ఇప్పుడు మనవరాలికి చెబుతోంది. అందులో తల్లి అంగడికి పోతుంది. రాక్షసి అచ్చం తల్లి గొంతుతో వచ్చి తలుపు కొడుతుంది. పిలుపు మరీ తియ్యగా ఉండేసరికి పిల్లకు అనుమానం వచ్చి గడియ తీయదు. అందుకే బతుకుతుంది.

"తలుపు తీసుడేంది? తీస్తే ఇగ కథ యాడిది? పిల్లను మింగి కూసుంటది గదా!"

"అత్తమ్మా, జర ఆపుండ్రి." లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ భవాని విసుక్కుంది. మొగుడేమో కంపెనీ పని మీద పుణె పోయాడు. హైటెక్ సిటీ ఆఫీసులో మీటింగ్ మొదలయ్యే వేళవుతోంది. "మీ కథ విని ఇది బాత్రూంకు కూడా ఒక్కతే పోతలేదు. సినిమానే నయం. భయపెట్టలే."

"అయితే ఆ సినిమానే పెంచమను నీ బిడ్డను. ఇగ నేను నోరు తెరవ."

"మీకు ఏం చెప్పినా కోపమే! మనస్వీ, ఉమ్మి రావే ముందు! ఎన్నిసార్లు చెప్పాలె?"

ఆఫీసులో భవానిని శాంతమూర్తి అంటారు. ఫోన్లో కస్టమర్లు ఎంత నోరు పారేసుకున్నా వెన్నలాంటి గొంతుతో జవాబు చెబుతుంది. ఇంటికొచ్చేసరికి ఆ వెన్న కాస్తా అయిపోతుంది.

చంద్రమ్మ అలిగింది. షుగర్ మాత్ర వేసుకుంది గానీ ఉప్మా ముట్టలేదు. భవాని చూసింది. చూసి కూడా, బతిమాలే ఓపిక లేక వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కాకముందే అత్తగారి ఫోన్ నుంచి మనస్వి మాట్లాడింది. "అమ్మా, నానమ్మ కింద పడిపోయింది. పిలిస్తే పలుకుతలేదు." అంతలోనే ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది.

భవాని అంబులెన్స్‌కూ, వాచ్‌మన్ నర్సయ్యకూ ఫోన్ చేసి, దొరికిన ఆటో ఎక్కింది. కొండాపూర్ ట్రాఫిక్‌ను, ప్రతి సిగ్నల్‌నూ, తనను తానూ తిట్టుకుంటూ ఇల్లు చేరింది. నర్సయ్య తలుపు ముందు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

"ఎంత కొట్టినా తీస్తలేదమ్మా. లోపలి గడియ పెట్టి ఉన్నది, గుద్దినా ఊడతలేదు. అంబులెన్స్ ఇంకా రాలే. గునపం తెస్త." అతను మెట్లు దిగి పరుగెత్తాడు.

భవాని తలుపుకు మొహం ఆనించింది. పిల్ల బెదరకూడదని ఉన్న ప్రేమంతా గొంతులోకి తెచ్చుకుంది.

"మనూ... బంగారం... అమ్మను రా. తలుపు తియ్యి తల్లీ."

కాసేపటికి తలుపు వెనకే చిన్న గొంతు వినిపించింది. "నువ్వు అమ్మవు కాదు."

"నేనే నాన్నా. సినిమాల ఆ పిల్ల తీసింది గదా, నువ్వు తియ్యవా?"

"సినిమాల ఆ పిల్ల ఒక్కతే ఉండె. ఇక్కడ నానమ్మ ఉన్నది. నేను తియ్య."

"నా గొంతు గుర్తుపడ్తలేవా బంగారం?"

"గొంతు అమ్మదే. కానీ మా అమ్మ ఇట్ల పిలవదు. మా అమ్మ తిడ్తది."

భవాని తలుపు మీది నుంచి మొహం తీసింది. లోపల అత్తగారు ఎలా ఉందో తెలియదు. ఇప్పుడు తిట్టాలి. రోజూ ఉత్తపుణ్యానికి వచ్చే తిట్టు ఈ పూట నోరు దాటి రానంటోంది. కళ్లు తుడుచుకుని తలుపు మీద దబదబా బాదింది.

"మనస్వీ! నాకు పిచ్చి లేపకు! తీస్తవా, తన్నాల్నా?"

గడియ చప్పున ఊడింది. "అమ్మా! నువ్వే!" అంటూ పిల్ల నవ్వుతూ వచ్చి కాళ్లను చుట్టేసుకుంది. ఆ నవ్వు భవానిని చెంపదెబ్బ కంటే గట్టిగా తాకింది.

దవాఖానలో గ్లూకోజు ఎక్కాక చంద్రమ్మ కళ్లు తెరిచింది. మాత్ర వేసుకుని తినకపోతే ఇలాగే అవుతుందని, ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరు కోప్పడి వెళ్లాడు. భవాని అత్త చేయి పట్టుకుంది.

"తినమని ఒక్క మాట అనకపోతి అత్తమ్మా. తప్పయింది."

"బువ్వ మీద అలిగిన నాది తప్పు గాదా బిడ్డా? ఇగ పిల్లను భయపెట్ట. సినిమా లెక్కనే చెప్త."

"వద్దు. మీ కథ మీరు చెప్పుండ్రి. మీకు ఏమన్న అయితదనే అది తలుపు తియ్యలే." భవాని కూతుర్ని ఒళ్లోకి తీసుకుంది. "మనూ, రేపు అమ్మ మెల్లగా పిలిస్తే తలుపు తీస్తవా?"

మనస్వి ఆలోచించింది. "రేపొక్కనాడే పిలిస్తే తియ్య. రోజూ పిలిస్తే తీస్త. అప్పుడు నువ్వే అని తెలుస్తది గదా."

చంద్రమ్మ నవ్వింది. భవాని మాత్రం కూతురి జుట్టులో మొహం దాచుకుని చాలాసేపు ఏడ్చింది.