కంఠతా వచ్చిన కంటి చార్టు

"ముందు ఆ బ్యానర్ దించండి."

నిచ్చెన పైమెట్టు మీద, నోట్లో తాడు కరుచుకుని నిలబడ్డ కళ్ళ డాక్టరు కుర్రాడు కిందికి చూశాడు. కింద ఒక అమ్మాయి, చేతిలో ట్రే, మొహం నిండా చిరాకు. ఆ ఊరి క్లినిక్ నర్సు.

తాడు తీసి, "ఎందుకండీ?" అన్నాడు.

"అక్కడున్నది గోడ కాదు, కిటికీ. ఈ గదికి ఉన్నదే అదొక్కటి. అది కూడా మూసేస్తే ఎవరి కన్ను ఎక్కడుందో మీకెలా కనిపిస్తుంది?"

"కెప్టెన్‌గారు ఇక్కడే కట్టమన్నారు. ఫోటోలో బాగా పడుతుందట."

"అయితే ఫోటోలకి వైద్యం చేసుకోండి. మనుషుల్ని నేను చూసుకుంటాను."

గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. కుర్రాడు 'చిరునవ్వుల వైద్య యాత్ర' అని రాసి ఉన్న బ్యానర్‌ని పట్టుకుని, తన మొహంలో మాత్రం చిరునవ్వు లేకుండా నిచ్చెన దిగాడు. నర్సులని సిస్టర్ అని పిలవడం అతనికి అలవాటే. కానీ ఈ అమ్మాయి విషయంలో ఆ మాట నోటిదాకా వచ్చి, ఏదో మేలు కోరినట్టు ఆగిపోయింది.

ఆ బృందం పరాయి దేశం నుంచి వారం రోజుల సేవకి వచ్చింది. దానికి కెప్టెన్ ఒక చర్మవ్యాధుల డాక్టరు. మెడలో ఈల, నెత్తిన టోపీ, ఎటు తిరిగినా వెనకాలే ఒక కెమెరా. ఎండకి రోడ్డు మీద తారు కరిగే ఆ ఊరికి వాళ్ళు మోసుకొచ్చిన పెట్టెల్లో ఉన్ని చేతి తొడుగులున్నాయి, మంచులో వేసుకునే బూట్లున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా, తమ దేశంలో జనం వాడి వదిలేసిన కళ్ళజోళ్ళున్నాయి. వాటిని పంచడానికే కళ్ళ డాక్టరుని తెచ్చుకున్నారు. వాళ్ళమ్మ పుట్టిల్లు ఇటువైపే కావడంతో బృందంలో ఇక్కడి భాష వచ్చినవాడు అతనొక్కడే.

మొదటి రోజంతా జనం బారులు తీరారు. తలనొప్పి, నడుంనొప్పి, నీరసం. అందరూ ఓపిగ్గా కూర్చున్నారు, అందరూ నవ్వుతూ ఫోటోలు దిగారు. కెప్టెన్ పొంగిపోయాడు. రెండో రోజుకి కుర్రాడికి అనుమానం వచ్చింది. నిన్న నడుంనొప్పి అని మూలిగిన పాల వ్యాపారి ఇవాళ క్యాన్లు రెండు చేతుల్లో పట్టుకుని మెట్లెక్కుతున్నాడు.

"ఏమండీ, వీళ్ళు నిజంగా రోగులేనా?" అని నర్సుని అడిగాడు.

"ఇవాళ బజారు వీధి వంతు. రేపు స్కూలు వీధి," అంది ఆమె, సూదులు సర్దుకుంటూ.

"వంతేమిటి?"

"ఏటా ఏదో ఒక బృందం వస్తుంది. పాపం అంత దూరం నుంచి వస్తారా, రోగులు లేకపోతే మొహాలు చిన్నబోతాయి. ఇంటికొచ్చినవాళ్ళని బాధపెట్టడమెందుకని వీధుల వారీగా వంతులు వేసుకున్నాం. అసలు రోగులు సాయంత్రం మీరు వెళ్ళాక వస్తారు. పగలు వాళ్ళకి ఫోటోలు దిగే ఓపిక ఉండదు."

కుర్రాడికి నవ్వాలో తల దించుకోవాలో తెలియలేదు. రెండూ చేశాడు.

"ఇంతకీ మీరెందుకొచ్చారు? ఫోటోల్లో ఎక్కడా కనిపించరే?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. ఆ కళ్ళలోకి చూశాక కుదర్లేదు. "మా పిన్ని పంపింది. నా పెళ్ళి బయోడేటాలో సమాజ సేవ అన్నచోట ఏమీ లేదట. అదుంటే మంచి సంబంధాలొస్తాయట."

నర్సు ట్రే బల్ల మీద పెట్టి మరీ నవ్వింది. "పోన్లెండి, నిజం చెప్పిన మొదటి వాలంటీరు మీరే. అయినా వారానికి వచ్చేవాళ్ళని నేను మనసుకి పట్టించుకోనులెండి."

"మరి ఎన్నాళ్ళుంటే పట్టించుకుంటారు?"

"పేషెంట్ వెయిటింగ్‌లో ఉన్నారు, బయోడేటాగారూ!"

ఆ రోజు నుంచి అతని పేరు అదే అయిపోయింది. సాయంత్రాలు బృందం గెస్ట్‌హౌస్‌లో పాటలు పాడుకుంటుంటే బయోడేటాగారు క్లినిక్‌లో అసలు రోగుల్ని చూశాడు. ఒకరోజు వాన పట్టుకుంది. వరండాలో ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇరుక్కున్నారు. గొడుగు ఆమెదే అయినా ఆమె భుజమే తడిసింది. "మీరు కాస్త ఇటు జరగొచ్చు," అన్నాడతను. "మీరే కాస్త సన్నబడొచ్చు," అంది ఆమె. కానీ జరిగింది.

ఆఖరి రోజుకి ముందురోజు స్కూలు వీధి వంతు మళ్ళీ వచ్చింది. వాళ్ళతో నర్సు అమ్మమ్మా వచ్చింది. ముసలావిడ మెడలో తాడు కట్టిన కళ్ళజోళ్ళు నాలుగు వేలాడుతున్నాయి, ఒక్కో బృందం ఇచ్చింది ఒక్కోటి. ఒకదానికి గులాబీ రంగు రాళ్ళు కూడా ఉన్నాయి.

"కూర్చో అమ్మమ్మా. చార్టులో అక్షరాలు చదువు," అన్నాడు కుర్రాడు.

ఆవిడ పై వరస నుంచి కింది వరస దాకా తడుముకోకుండా గడగడా చదివేసింది.

"అబ్బో, చూపు బ్రహ్మాండం!" అంటూ కెప్టెన్ చప్పట్లు కొట్టాడు. కెమెరా క్లిక్‌మంది.

"కానీ సార్," అన్నాడు కుర్రాడు మెల్లగా, "చార్టు ఇంకా నా చేతిలోనే ఉంది. చుట్ట కూడా విప్పలేదు."

నర్సు మొహం తెల్లబోయింది. కుర్రాడు ముసలావిడ గడ్డం పట్టుకుని కంట్లోకి లైటు వేశాడు. రెండు కళ్ళలోనూ పాలలా తెల్లటి శుక్లాలు.

"ఏటా అదే చార్టు తెస్తారు," అంది నర్సు. "మీ జోళ్ళు పనిచేశాయని సంతోషిస్తారని, ఊరందరికీ నేనే నేర్పించాను. అమ్మమ్మ ఇంట్లో చకచకా తిరుగుతుంటే బాగానే ఉందనుకున్నాను. ఒకే ఇంట్లో ఉండి చూసుకోలేదు నేను."

"నువ్వు పొద్దున్నించీ క్లినిక్‌లో చస్తావు. మళ్ళీ నా గొడవ కూడానా అని చెప్పలేదే," అంది అమ్మమ్మ.

కుర్రాడు కెప్టెన్ వైపు తిరిగాడు. "పక్క టౌన్ ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ ఉంది సార్. నేను చేస్తాను."

"మన ప్రోగ్రాంలో కళ్ళజోళ్ళే ఉన్నాయి, ఆపరేషన్లు లేవు. రేపు పొద్దున బస్సు, సాయంత్రం ఫ్లైటు. నువ్వు ఆగిపోతే సేవ సర్టిఫికెట్ ఇవ్వను."

కుర్రాడు నోరు తెరిచేలోపు నర్సే అడ్డొచ్చింది. "వద్దండీ. ఇంతకుముందొక బృందం ఇలాగే ఒకాయన కాలికి ఆపరేషన్ చేసి, కట్టు కట్టి, టాటా చెప్పి వెళ్ళిపోయింది. ఆ కట్టు నేను విప్పాను. లోపల చీము. ఆ కాలు దక్కేదాకా నాకు తిండి సయించలేదు. కట్టు కట్టినవాళ్ళు విప్పేదాకా ఉండాలి. అమ్మమ్మ తప్ప నాకెవరూ లేరు. మీ సెలవుకి సరిపడేలా ఆవిడ కళ్ళతో ఆడుకోలేను."

ఆమె కళ్ళనిండా నీళ్ళు. ఇన్నాళ్ళూ వేళాకోళాలాడిన మనిషి అలా నిలబడేసరికి అతను లైటు ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. ఈ అమ్మాయి తనని నమ్మకపోతే ఇక ఎవరు నమ్మినా ఒకటే అనిపించింది.

బయటికెళ్ళి పిన్నికి ఫోన్ చేశాడు.

"పిన్నీ, సేవ సర్టిఫికెట్ రాదు. బయోడేటాలో ఆ గడి అలాగే వదిలెయ్."

"అయ్యో, మరి నేను చూసిన ఆ బంగారంలాంటి సంబంధమో?"

"అదీ వద్దు."

"ఎవరైనా ఉన్నారేమిట్రా?"

"ఉంది పిన్నీ. ఆ సంగతి ఇంకా ఆమెకే తెలీదు."

మర్నాడు బస్సు అతను లేకుండానే వెళ్ళింది. కెప్టెన్ కిటికీలోంచి తల బయటపెట్టి, వెళ్ళేముందు గ్రూప్ ఫోటోకైనా రమ్మన్నాడు. ఇతను చేతులూపి సరిపెట్టాడు.

టౌన్ ఆస్పత్రి పెద్ద డాక్టరు తమకి కళ్ళ డాక్టరు లేక ఏళ్ళయిందంటూ, అనుమతులు తెప్పించే పూచీ తనదేనన్నాడు. అవి వచ్చాక, నర్సు కూడా సరేనన్నాక, కుర్రాడు ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశాడు. పక్కన పనిముట్లు అందిస్తున్న నర్సు అతని చేతుల వైపే చూసింది. అవి ఒక్కసారి కూడా వణకలేదు. బయటికొచ్చాక మాత్రం మంచినీళ్ళ గ్లాసు పట్టుకోలేకపోయాడు. ఆమే తాగించింది.

మర్నాడు ఉదయం వార్డులో, మంచం పక్కన నర్సు నిలబడి ఉండగా, అతనే కట్టు విప్పాడు.

"మెల్లగా తెరువు అమ్మమ్మా. ఏం కనిపిస్తోంది?"

ఆవిడ కన్ను చికిలించింది. ముందు మనవరాలిని చూసింది, చాలాసేపు చూసింది. "చిక్కిపోయావే తల్లీ," అంటూ బుగ్గ నిమిరింది. తరవాత డాక్టరుని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ పరీక్షగా చూసింది.

"ఇతనేనటే?"

"ఊఁ."

"నువ్వు చెప్పినంత పొడుగేం లేడే!"

"అమ్మమ్మా!"

"చెవులు కూడా కాస్త పెద్దవే. రోజూ అన్నం దగ్గర అంతసేపు వర్ణిస్తే, ఎంత అందగాడో అనుకున్నాను."

నర్సు మొహం దాచుకోవడానికి కేస్ షీట్ ఎత్తింది. అది తలకిందులుగా ఉంది. డాక్టరు నవ్వాపుకుంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇంకా ఏమేం చెప్పింది అమ్మమ్మా?"

"అన్నీ చెప్పింది. నువ్వు వెళ్ళిపోతావేమోనని ఏడ్చింది కూడా."

అతని నవ్వు ఆగిపోయింది. లేచి నర్సు ఎదురుగా నిలబడ్డాడు. "ఇక్కడ ఏడాదికి ఉద్యోగం ఒప్పుకున్నాను. రెండో కన్ను ఉంది, ఈ ఊళ్ళో ఇంకా బోలెడు కళ్ళున్నాయి. ఆ పైన ఉండాలా వద్దా అన్నది మీరు చెప్పాలి."

"వార్డులో ఇలాంటివి అడగకూడదు," అంది ఆమె, కాగితాల వెనకనుంచి. "అమ్మమ్మ చూస్తోంది."

"నేనేం చూడటంలేదమ్మా," అంటూ ముసలావిడ కొత్త కన్ను గట్టిగా మూసుకుంది.

నర్సు కేస్ షీట్ దించింది. "ఉండండి," అంది.

అమ్మమ్మ కన్ను అప్పటికే సగం తెరిచి ఉంది.