గోడవైపు కుర్చీ

"ముందు వెళ్ళినవాడు చచ్చిపోయాడు," అన్నారు చీఫ్, ఫ్యాను తగ్గించమన్నంత మామూలుగా. "ఈసారి నువ్వెళ్ళు."

నత్త తలూపాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని నత్త అనే పిలుస్తారు. తొందరపడకుండా పని పూర్తిచేస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని అతను చెప్పుకుంటాడు. గిట్టనివాళ్ళు వేరే కారణం చెబుతారు.

"టార్గెట్?"

"సైంటిస్టు. శత్రువుల చెర నుంచి తప్పించుకొచ్చాడు. వాళ్ళ మిసైల్ ప్లానంతా ఆయన బుర్రలోనే ఉంది. కొండమీద చిన్న హోటల్లో, రిటైరైన లెక్కల మాస్టారిలా దాక్కున్నాడు. ప్రాణాలతో తీసుకురా. మళ్ళీ వాళ్ళ చేతిలో పడితే మనిషి దక్కడు."

"అక్కడ మనవాళ్ళున్నారా?"

"ఒకరు. మొహం నాకూ తెలీదు. 'ఈ కొండమీద సీతాకోకచిలుకలుంటాయా?' అని అడుగు. 'చలికి అవి చదువు మానేశాయి' అంటే మనవాళ్ళే."

"ఇలాంటివి ఎవరు రాస్తారు సార్?"

"నేనే."

నత్త ఆ రెండు వాక్యాలూ బట్టీపడుతూ బయటికి నడిచాడు.

బాయిలర్ మెకానిక్ వేషంలో కొండెక్కాడు. అతని జీపు ఆఖరి మలుపు తిరిగిందో లేదో, వెనకాల కొండచరియ విరిగి రోడ్డుమీద పడింది. ఆ వెంటే పొగమంచు దిగింది. హోటల్లో ఫోను మూగబోయింది. పెన్నులో దాచిన ట్రాన్స్‌మిటర్ గరగరమని ఊరుకుంది.

అదొక పాతకాలపు రాతి ఇల్లు. గజం మందం గోడలు, కిటికీలకు ఇనుప చువ్వలు, ఒకే ఒక్క తలుపు. అతను లోపలికి రాగానే ఇంటావిడ తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది.

"మంచులో ఓ పెద్దమనిషి షికారుకెళ్ళి లోయలో పడ్డాడు బాబూ. అప్పట్నుంచీ మంచు విడిచేదాకా ఎవర్నీ గడప దాటనివ్వను. నువ్వు బాయిలర్ సంగతి చూడు, వేన్నీళ్ళు లేక గెస్టులు నన్ను పీక్కు తింటున్నారు."

లోయలో పడ్డది తనకంటే ముందు వచ్చిన ఏజెంటే. అతన్ని తోసిన శత్రువు ఇంట్లోనే ఉన్నాడు. ఆ శత్రువుతో పాటు తననీ లోపల పెట్టి తాళం వేసేశారు. పైగా బాయిలర్ గురించి అతనికి ఓనమాలు కూడా రావు.

ఇంట్లో ఎవరున్నా సరే, ఇంటావిడ బల్ల దగ్గర కలిసే తినాలి. అది ఆవిడ పట్టుదల. ఇరుకు గదిలో బరువైన పొడుగాటి బల్ల. దాని చివర, వీపు గోడకు ఆనించి, ఎదురుగా తలుపు కనిపించేలా కూర్చునే కుర్చీ ఒక్కటే ఉంది. నత్త అలవాటు కొద్దీ నేరుగా దానివైపే నడిచాడు. అప్పటికే ఎర్ర శాలువా కప్పుకున్న ఓ గాయని అందులో కూర్చుంది. చూపు తిప్పుకోలేనంత అందగత్తె. వెనకే ఓ డాక్టరు వచ్చి, గాలి తగులుతోంది, ఆ కుర్చీ నాకివ్వండి అని గొణిగాడు.

"ఆ కుర్చీలో ఏముందర్రా!" అంది ఇంటావిడ విసుగ్గా. "వచ్చిన ప్రతివాళ్ళకీ అదే కావాలి!"

నత్తకు నవ్వొచ్చింది, మరుక్షణం ఆ నవ్వు ఆగిపోయింది. తలుపుకు వీపు పెట్టి కూర్చోకూడదని గూఢచారులకు ట్రైనింగ్‌లో నూరిపోస్తారు. అంటే ఈ ఇద్దరూ ఆ ట్రైనింగ్ అయినవాళ్ళే! మాస్టారు మాత్రం తలుపుకు వీపు పెట్టి, హాయిగా రొట్టె తింటున్నాడు.

"మా అమ్మాయి ఈ కొండ కిందే ఉంటుంది బాబూ," అన్నాడాయన. "చూసి ఏళ్ళయింది. దారెప్పుడు తెరుస్తారో!"

ఆ మాటకు నత్త మనసు చివుక్కుమంది. డ్యూటీ సంగతి ఎలా ఉన్నా, ఈయన్ని కూతురి దగ్గరకు చేర్చి తీరాలనుకున్నాడు.

భోజనమయ్యాక గాయనిని అడిగాడు: "ఈ కొండమీద సీతాకోకచిలుకలుంటాయా?"

"చలికి అవి చదువు మానేశాయి," అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ డాక్టరే. నాకు మొదట్నుంచీ అనుమానం. మంచు విడిచేలోపు అతని అడ్డు తీసెయ్యండి."

మర్నాడు పొద్దున్నే నత్త డాక్టర్ని పిలిచాడు. "బాయిలర్ దగ్గర ఎవరో పడిపోయారు సార్!" డాక్టరు పరుగున లోపలికెళ్ళాడు. నత్త గడియ పెట్టేశాడు.

"నేనూ మీవాడినేరా, మూర్ఖుడా!" లోపల్నుంచి కేక.

"దొరికాక అందరూ ఆ మాటే అంటారు సార్," అన్నాడు నత్త.

టిఫిన్ వేళకు మంచు పలచబడింది. గాయని లేచి, గోడవైపు కుర్చీ చూపించింది. "ఇవాళ మీరు కూర్చోండి. పాపం, అలిసిపోయారు." తను వెళ్ళి మాస్టారి పక్కన, తలుపుకు వీపు పెట్టి కూర్చుంది.

నత్త మురిసిపోయి కూర్చున్నాడు. రొట్టె నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

కాపలాకొచ్చిన ఏజెంటు చస్తే ఆ కుర్చీ వదలరు. వదిలిందంటే, తలుపులోంచి ఎవరొస్తారో ఆమెకు ముందే తెలుసన్నమాట!

బయట తలుపు దబదబా మోగింది.

"మీ చేతులు వణుకుతున్నాయి మాస్టారూ, ఇలా ఇవ్వండి," అంటోంది గాయని. ఆమె ఉంగరంలోంచి సన్నని సూది బయటికొచ్చింది. నత్త లేవబోయాడు. వెనక గోడ, ముందు బల్ల. కోరి కూర్చున్న కుర్చీలో ఎలకలా ఇరుక్కుపోయాడు. సూదికీ మాస్టారి మణికట్టుకూ మధ్య వెంట్రుకవాసి దూరం. నత్త రెండు కాళ్ళూ ఎత్తి బల్లను తన్నాడు.

బల్ల బోర్లాపడింది. వేడి టీ గాయని ఒళ్ళో ఒలికింది. ఆమె కెవ్వుమంది. సూది రొట్టెలో దిగబడింది. మరుక్షణంలో ఆమె చేతులకు బేడీలు పడ్డాయి. చీఫ్ చెప్పిన మనిషి ఆమే, కానీ ఎప్పుడో శత్రువులకు అమ్ముడుపోయింది.

తలుపు ఇంకా మోగుతోంది. ఇంటావిడ చువ్వల్లోంచి తొంగిచూసింది. "కాలినడకన కొండెక్కి, తుపాకులు పట్టుకొచ్చారు! నా ప్రాణం పోయినా తాళం తియ్యను!"

గజం మందం గోడలు తూటాలకు చలించలేదు. నిన్నటిదాకా జైలనిపించిన ఇల్లు నత్తకు ఇప్పుడు కోటలా కనిపించింది. ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. ఈసారి పలికింది.

హెలికాప్టర్‌లో దిగిన కమాండోలు బయటివాళ్ళను పట్టుకున్నారు. మాస్టారు, గాయని, ఆమె మనుషులు ఎక్కేసరికి హెలికాప్టర్ నిండిపోయింది. ఎక్కేముందు మాస్టారు నత్త చేతులు రెండూ పట్టుకున్నాడు.

"శభాష్!" అన్నారు చీఫ్ ట్రాన్స్‌మిటర్‌లో. "రోడ్డు తెరిచాక నువ్వు దిగిరా. అన్నట్టు, పై ఆఫీసువాళ్ళు మనకు చెప్పకుండా ఒకాయన్ని అక్కడికి పంపారట. వచ్చే నెల నుంచి నీ కొత్త బాసు ఆయనే. డాక్టరు వేషంలో ఉన్నాడట, కలిశాడా?"

బాయిలర్ గది తలుపు దడదడలాడుతోంది. నత్త వెళ్ళి గడియ గట్టిగా ఉందో లేదో చూసుకున్నాడు.

"కలిశారు సార్. రోడ్డు బాగుచేసేవాళ్ళకు తొందరేం లేదని చెప్పండి."