మైనం పెట్టిన నోరు

మా కొవ్వొత్తుల కొట్టుకి పెళ్ళి బేరాల కన్నా చావు బేరాలే ఎక్కువ. అడవివాళ్ళు కొవ్వొత్తి కొంటారు గానీ వెలిగించరు. చావంటే వాళ్ళకి నిద్ర, వెలుతురు పడితే పోయినవాళ్ళు లేచి కూర్చుంటారట. ఉప్పునేలవాళ్ళకేమో నిలువెత్తు కొవ్వొత్తి కావాలి, పైలోకానికి దారంతా చీకటని. "ఎవరి పిచ్చి వాళ్ళకానందం, నువ్వు బేరం చూడవే కాకీ," అనేవాడు మా ఆయన. నా వాగుడు చూసి పెట్టిన పేరది.

అలా నవ్వినవాడు మైనం కాగు దగ్గరే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఇంట్లో తగువు మొదలైంది.

నేను తీరం పిల్లని. మా లెక్కలో పాతిపెట్టిన మర్నాడు, నీడలు కాళ్ళ కింద దూరే మిట్టమధ్యాహ్నం, పోయినవాళ్ళు ఒకసారి ఇంటికొస్తారు. మిగిలిపోయిన మాట చెప్పి వెళ్ళిపోతారు. తలుపు తీసి ఉంచాలి. మా అత్తయ్య కొండమనిషి. వాళ్ళ లెక్కలో పోయినవాళ్ళకి ఒంటరిగా వెళ్ళడం భయం. తోడుకి ఎవరినో పేరుపెట్టి పిలుస్తారు, పిలిస్తే వెళ్ళాల్సిందే. అందుకే పెదాలు మైనంతో మూసేస్తారు.

"నోరు మా పద్ధతిలో మూస్తా. తలుపు నీ పద్ధతిలో తీసుకో," అంది అత్తయ్య ఏడుస్తూనే. "నీ మాటా పోదు, నా మాటా పోదు."

పాము చావకుండా, కర్ర విరగకుండా. కొడుకు పెదాల మీద మైనం పెట్టి బొటనవేలితో అదిమింది. ఆ వేలికి అడ్డంగా పాత కత్తిగాటు. మైనం మీద గీతలా పడింది.

ఆ సాయంత్రమే పాతిపెట్టాం. మర్నాడు మిట్టమధ్యాహ్నం మా పాపని లోపలి గదిలో పడుకోబెట్టి, అత్తయ్య పక్కన ఉండగా వీధి తలుపు బార్లా తీశాను. ఎక్కడా అలికిడి లేదు. ఎండ గడప దాకా వచ్చి ఆగింది. పొయ్యి వెలిగించనే లేదు, అయినా కాగిన మైనం వాసన...

గడప ముందు పట్టా మీద కాళ్ళు తుడుచుకున్న చప్పుడు. రెండుసార్లు. అది ఆయన అలవాటు.

మనిషి కనబడలేదు. ఆయన పీట మాత్రం కిర్రుమంది.

"వచ్చారా? చెప్పండి... చెప్పి వెళ్ళండి."

"మ్... మ్మ్..."

మాట చెప్పందే వెళ్ళలేడు. చెప్పడానికి నోరు లేదు. రానిచ్చాం సరే, పంపించడం ఎలాగో మా ఇద్దరికీ తెలియలేదు.

"గొయ్యి తవ్వి మైనం తీసేద్దాం అత్తయ్యా."

"నోరొస్తే పిలుస్తాడే," గుసగుసగా అంటూ నా మణికట్టు పట్టుకుంది. "ఎవరిని పిలుస్తాడో..."

లోపలి గది తలుపు కదిలింది. పాప. నిద్రకళ్ళతో నేరుగా పీట దగ్గరికి నడిచింది. ఎవరో చెవిలో చెబుతున్నట్టు తల వంచి వింది.

"పాపా, ఇటు రా!"

రాలేదు.

"సరే నాన్నా," అంది. "తీసుకో."

పీట మళ్ళీ కిర్రుమంది. మైనం వాసన గడప దాటి వెళ్ళింది. పరుగున పోయి తలుపు మూసి గడియ పెట్టాను. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఏం తీసుకోమన్నావమ్మా?" పాపని ఒళ్ళోకి లాక్కున్నాను.

పాప చెప్పలేదు. పెదాలు అతుక్కుపోయి ఉన్నాయి. తెల్లటి మైనం... దాని మీద అడ్డంగా గాటు గీత.

అత్తయ్య తన బొటనవేలు చూసుకుంది. పొద్దుట్నుంచీ ఆమె పాపని ముట్టుకోనే లేదు.

గోరుతో గీకాను. ఊడలేదు. కాస్త లాగితే పాప కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బయట పట్టా మీద కాళ్ళు తుడుచుకున్న చప్పుడు. రెండుసార్లు.

"కాకీ..."

పిలుపు ఆయనదే. గొంతు పాపది.

"కాకీ, రా... నువ్వొస్తే ఇచ్చేస్తా."

అత్తయ్య మళ్ళీ నా మణికట్టు పట్టుకుంది, ఎముక నొప్పి పుట్టేలా. "వినకే... వినకు," అంది. ఆ గొంతు నా బిడ్డది, ఎలా వినకుండా ఉండను?

పాప ఏడవబోయింది. చప్పుడు రాలేదు.

అత్తయ్య పాప మొహం కేసి చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత నా చెయ్యి వదిలేసింది.